కీళ్లవాతం ఉన్నవాళ్లకు బట్టలు, వెచ్చదనం: తరచుగా అడిగే ప్రశ్నలు

కావలిలో మా ఇంటి ముందుగదిలోనే నా కుట్టుమిషను ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా జాకెట్లు, లంగాలు, నైటీలు కుడుతున్నాను. మా అమ్మకు కీళ్లవాతం బయటపడి పద్నాలుగేళ్లయింది. ఆమె వేళ్లు వంకర తిరిగేకొద్దీ నేను కుట్టే తీరూ మారుతూ వచ్చింది. ఆ సంగతి విని నెల్లూరు నుంచి, సింగరాయకొండ నుంచి, ఒంగోలు నుంచి కూడా ఆడవాళ్లు పాత జాకెట్లు సంచిలో పెట్టుకుని వస్తుంటారు. కొలతలిస్తూ అడిగే మాటలు దాదాపు అందరివీ ఒకటే. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. మందుల సంగతి డాక్టరుగారు చెప్పాలి. నేను చెప్పగలిగింది బట్ట గురించి, ఒంటిని వెచ్చగా ఉంచుకోవడం గురించి.

చలి వల్లే కీళ్లవాతం వస్తుందా? అసలు మన నెల్లూరులో చలెక్కడుంది?

చలి వల్ల రాదు. రుమటాయిడ్ అనే కీళ్లవాతంలో మనల్ని జబ్బుల నుంచి కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే తిరగబడి కీళ్ల లోపలి పొర మీద పడుతుంది. వయసు మీద పడ్డాక మోకాళ్లు అరిగి వచ్చే నొప్పులు వేరు. అయితే ఏ రకం వాతమైనా, చలిపూట కీళ్లు ఇంకా బిగుసుకున్నట్టు ఉంటుందని చాలామంది చెప్తారు. మా అమ్మా అదే చెప్తుంది.

ఇక చలెక్కడుందంటారా, రోహిణి కార్తె ఎండను తలుచుకుంటే అట్లాగే అనిపిస్తుంది. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు. ఉతికిన బట్ట మూడు రోజులైనా ఆరదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున మంచు పడుతుంది. ఏడాది పొడుగునా ఏసీ బస్సులు, ఏసీ బట్టల కొట్లు ఉండనే ఉన్నాయి. వంకర తిరిగిన వేళ్లకు ఇవన్నీ చలే.

మా అత్తయ్య పొద్దున ఆరింటికి హుక్కు పెట్టుకోలేనంటుంది. పదింటికి కూరగాయలు తరుగుతుంది. ఇదేంటి?

ఈ ప్రశ్న వెనక ఉన్న అనుమానం నాకు తెలుసు. ఆమె నటించడం లేదు. రాత్రంతా కదలకుండా ఉన్న కీలు పొద్దున బిగదీసుకుపోయి ఉంటుంది. రుమటాయిడ్‌లో ఆ బిగుతు గంటసేపు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. అరుగుదల వల్ల వచ్చిన వాతంలో మామూలుగా అరగంటలోపే సడలుతుంది. పొద్దున లేచాక ఎంతసేపటికి వేళ్లు వదులవుతాయని డాక్టర్లు అడిగేది అందుకే.

కాబట్టి ఏడింటికల్లా స్నానం, బట్టలు అయిపోవాలన్న పట్టు వదిలేయండి. మా అమ్మ లేవగానే గోరువెచ్చని నీళ్ల గిన్నెలో చేతులు పెట్టి, ఐదారు నిమిషాలు నెమ్మదిగా పిడికిలి మూసి తెరుస్తుంది. తర్వాత కాఫీ. ఎనిమిది దాటాకే స్నానం. బట్టలు మాత్రం ముందురోజు రాత్రే కుర్చీ మీద వరసగా పెట్టుకుంటుంది. ముందు వేసుకోవాల్సింది అన్నిటికంటే పైన ఉండాలి. బీరువా తలుపు లాగడం, మడతల కింద నుంచి చీర పెరకడం కూడా పొద్దుటి వేళ్లకు పెద్ద పనులే. చలి రోజుల్లో ఆ జాకెట్టునీ లంగానీ కాసేపు దుప్పటి కింద పెట్టుకుంటే వెచ్చబడతాయి. వానకాలం తేమ పట్టిన బట్టలైతే ఒకసారి ఇస్త్రీ పెట్టె తిప్పండి. చెమ్మా పోతుంది, ఒంటికి వెచ్చగానూ ఉంటుంది.

చొక్కా గానీ జాకెట్టు గానీ ఏ చేయి ముందు దూర్చాలి?

నొప్పి ఎక్కువున్న చేయి ముందు. అప్పటికి బట్టంతా వదులుగా చేతిలోనే ఉంటుంది కాబట్టి ఆ చేతిని వంచాల్సిన పని తక్కువ. విప్పేటప్పుడు మంచి చేయి ముందు తీయాలి, నొప్పి చేయి ఆఖరున. కాళ్లకూ ఇదే లెక్క. నిలబడి వేసుకోవద్దు. మంచం అంచు మీద కూర్చుంటే జారతారు. చేతులున్న గట్టి కుర్చీ మంచిది.

జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతోంది. వెల్క్రో వేస్తే సరిపోతుందా?

అందరూ మొదట అడిగేది వెల్క్రోనే. మొదట్లో నేనూ అదే వేసి తప్పు చేశాను. వెల్క్రోకి ఒక పక్క మెత్తగా, ఇంకో పక్క ముళ్లుముళ్లుగా ఉంటుంది. ఆ ముళ్ల పక్క పైట పోగుల్ని పట్టి లాగేస్తుంది. మా అమ్మకున్న ఒకే ఒక్క మంచి పట్టుచీర పైట దగ్గర పోగులు లేచిపోయాయి. ఇప్పటికీ ఆ చీర చూస్తే నాకు బాధే. వెల్క్రోనే కావాలంటే పైకొచ్చే పట్టీకి లోపలివైపు ముళ్లది, కింది పట్టీ మీద మెత్తటిది కుట్టించండి. కాస్త పక్కకు జరిగినా పైటకు తగిలేది మెత్తటిదే అవుతుంది. పొడుగు ముక్క ఒక్కటి కాకుండా అంగుళం ముక్కలు నాలుగు వేయించండి, లాగి తెరవడానికి బలం తక్కువ చాలు. ఉతికేముందు తప్పకుండా మూసేయాలి. లేకపోతే దాన్నిండా నూలుపోగులు చేరి వారం పది రోజుల్లో పట్టు వదిలేస్తుంది.

టిచ్ బటన్లు చూడటానికి సుళువుగానే ఉంటాయి. కానీ వాటిని టిక్కుమనిపించాలంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బలం కావాలి. ఈ జబ్బులో తగ్గేది ఆ బలమే. అందుకని నేను వేయను.

మా అమ్మకు కుదిరింది ప్యాంటు హుక్కు. మగవాళ్ల ప్యాంటు నడుము దగ్గర ఉండే వెడల్పాటి బిళ్ల హుక్కు. ఆరు సన్న హుక్కుల బదులు ఇవి మూడు చాలు. వీటిని చిటికెన పట్టుకోనక్కర్లేదు, అరచేతితో పక్కకు తోస్తే పడతాయి. ఇంకొందరికి ముందుభాగంలో జిప్పు బాగుంటుంది. జిప్పు చివర చిన్న నాలుకను పట్టుకోవడం కష్టం కాబట్టి దానికి ఒక తాళంచెవుల రింగు తగిలిస్తాను. వేలు దూర్చి లాగితే చాలు. జిప్పు చంక కింద పక్కకు మాత్రం పెట్టించుకోవద్దు, అక్కడికి చేయి తిప్పలేరు. అయస్కాంతం గుండీలు కూడా వచ్చాయి, చాలా సుళువు. కాకపోతే గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు వాటి జోలికి వెళ్లకూడదు.

హుక్కుల కంటే ముఖ్యం చంక. భుజం పట్టేసిన మనిషికి బిగుతు చంక జాకెట్టు తొడిగితే ఏ హుక్కు మార్చినా లాభం లేదు. చంకలో మూడంగుళాల డైమండ్ ముక్క వేయించండి. చేతి చివర లూజు ఒక అంగుళం పెంచండి. పాత జాకెట్టు అయినా చంక కుట్టు విప్పి ముక్క వేయవచ్చు, కొత్తది కుట్టించాల్సిన ఖర్చు లేదు.

బ్రా సంగతి చాలామంది గడప దాటబోతూ, వెనక్కి తిరిగి మెల్లగా అడుగుతారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ముందు హుక్కున్నవి దొరుకుతాయి. అవీ కష్టమైతే జాకెట్టుకే గట్టి లైనింగ్ రెండు పొరలు వేసి కుడితే విడిగా బ్రా అక్కర్లేదు. ఇంట్లో అట్లా కుట్టినవే వేసుకునేవాళ్లు నా దగ్గర చాలామంది ఉన్నారు.

లంగాకు బొందు బదులు ఎలాస్టిక్ వేస్తే చీర జారిపోతోంది. ఏం చేయాలి?

జారుతుంది మరి. ఐదున్నర మీటర్ల చీర బరువు, అందులోనూ కుచ్చిళ్లన్నీ ముందే వేలాడతాయి. వెనకా పక్కలా ఎలాస్టిక్ వేసి, ముందు జానెడు మేర మాత్రం గట్టి గుడ్డ పట్టీ ఉంచండి. దానికి పక్కన రెండు ప్యాంటు హుక్కు కొక్కేలు, ఒకటి బిగుతుకు, ఒకటి వదులుకు. మందుల వల్ల పొట్ట ఉబ్బిన రోజు రెండోది పనికొస్తుంది. ఒట్టి బొందుతోనే గడపాలంటే చివర్లకు పెద్ద పూసలు కట్టండి, వేళ్లకు పట్టు దొరుకుతుంది, బొందు లోపలికీ వెళ్లిపోదు.

చీర మానేసి ఇక నైటీలోనే ఉండిపొమ్మంటున్నారు మావాళ్లు.

ఆమెకు ఇష్టమైతే సరే. ఇష్టం లేకపోతే ఆ మాట అనకండి. అరవై ఏళ్లు చీర కట్టుకున్న మనిషి వీధిలోకి నైటీ మీద తువ్వాలు కప్పుకుని వెళ్లలేక గుమ్మం దాటడమే మానేస్తుంది. మా వీధిలోనే ఇద్దరిని చూశాను.

ముందు బట్ట ఎంచుకోవడం చూడండి. జారే పాలిస్టర్ చీర కుచ్చిళ్లు పట్టుకోవాలంటే వేళ్లకు రెట్టింపు పని. గంజి పెట్టిన మందపాటి నూలుచీర కుచ్చిళ్లు నిలుస్తాయి గానీ బరువెక్కువ. మధ్యస్థంగా ఉండేవి వెంకటగిరి నూలుచీరలు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ ఊరు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, మనకవి ఎప్పటికీ నెల్లూరు చీరలే. ఒంటిమీద ఉన్నట్టే ఉండవు. రెండు ఉతుకులు పడ్డాక మెత్తబడి మాట వింటాయి.

కుచ్చిళ్లు నిలబడి పెట్టుకోనక్కర్లేదు. చీరను మంచం మీద పరిచి, కుచ్చిళ్లన్నీ అక్కడే పెట్టి, పై అంచున పొడుగు టాకాలు వేయండి. టాకాలు వేసిన చోట రెండు ప్యాంటు హుక్కులు కుట్టి, లంగా ముందు పట్టీకి కొక్కేలు కుట్టండి. చీర చుట్టుకుని కుచ్చిళ్లను తగిలించుకోవడమే. పైట కూడా అంతే, భుజం మీద జాకెట్టుకు ఒక లూపు, పైటకు ఒక హుక్కు. పిన్నీసుతో పనే ఉండదు. చీరను రెండుగా కోసి కుట్టే పద్ధతి ఉంది, కట్టుకోవడం ఇంకా తేలిక. నేను మాత్రం మంచి చీరల్ని కోయను. టాకాలు విప్పితే ఆ చీర మళ్లీ కూతురికో కోడలికో పనికొస్తుంది.

మా నాయన పంచె కట్టుకోలేకపోతున్నాడు.

నడుము దగ్గర వెల్క్రో ఉన్న పంచెలు ఇప్పుడు కొట్లలో దొరుకుతున్నాయి. లుంగీ అయితే రెండు కొసలూ కలిపి కుట్టించి నడుముకు ఎలాస్టిక్ వేయించండి. చొక్కాకు కాజాలు కుట్టేసి, గుండీలను వాటిమీదే పైకి కుట్టి, లోపల వెల్క్రో ముక్కలు వేయించవచ్చు. చూసేవాళ్లకు మామూలు చొక్కాలాగే ఉంటుంది. స్నానం చేసిన తడి ఒంటి మీద బిగుతు బనియన్ లాక్కోవడం మాత్రం చెడ్డ యాతన. ఒళ్లు బాగా ఆరనివ్వండి, లేదా ఒక సైజు పెద్దది తీసుకోండి.

గాజులు, ఉంగరాలు, మెట్టెలు?

ఉంగరం ఒక్క పూట బిగిసినట్టు అనిపించినా ఆరోజే తీసేయండి. కణుపు ఉబ్బాక ఉంగరాన్ని కోయించాల్సి వస్తుంది. మట్టిగాజులు ఎక్కించడానికి వేళ్లన్నీ కలిపి నలపడం ఈ చేతులకు పనికిరాదు. మర ఉన్న గాజులో, సైజు పెద్దవో చూడండి. గాజులు తీయడం, మెట్టెలు తీయడం అశుభమని ఏ పెద్దామె అయినా బాధపడితే మెట్టెలను నల్లదారానికి గుచ్చి మెడలో వేసుకోమనండి. మా అమ్మ అట్లాగే వేసుకుంది.

ఎన్ని బట్టలు వేస్తే వెచ్చగా ఉంటుంది? పెద్ద స్వెటర్ ఒకటి కొంటే చాలదా?

మందపాటిది ఒకటి కంటే పల్చటివి రెండు మేలు. పొరకూ పొరకూ మధ్య నిలిచే గాలే వేడిని పట్టి ఉంచుతుంది. పైగా మన వాతావరణంలో తొమ్మిదింటికల్లా ఎండ చుర్రుమంటుంది, అప్పుడు ఒక పొర తీసేయవచ్చు. తల మీంచి దూర్చే స్వెటర్ వద్దు, ముందు తెరుచుకునేది కొనండి. ఉన్ని స్వెటర్ చేతులు నూలు జాకెట్టుకు అతుక్కుని దూరకపోతే లోపల సిల్కులాంటి జారే గుడ్డతో లైనింగ్ వేయిస్తే సర్రున దిగుతుంది.

మణికట్టు, మోచెయ్యి విడిగా చల్లబడతాయి. పాత సాక్సు పాదం భాగం కోసేసి, మిగిలిన గొట్టాన్ని మణికట్టుకు తొడగండి. పైసా ఖర్చు లేదు. ఏసీ బస్సులో నెల్లూరు నుంచి హైదరాబాదు వెళ్లేటప్పుడు మా అమ్మ సంచిలో మొదట పడేవి ఇవే, తర్వాత మెడకు ఒక మెత్తటి తువ్వాలు.

రాత్రిపూట సంగతి. పాత చీరలతో కుట్టిన బొంత వెచ్చగానే ఉంటుంది గానీ, ఆ బరువు నొప్పి కాలివేళ్ల మీద పడితే నిద్ర పట్టదు. మంచం కాళ్లవైపు ఒక దిండు నిలబెట్టి బొంతను దానిమీద నుంచి వేయండి, వేళ్లకు తగలకుండా గుడారంలా నిలుస్తుంది. చాప మీద నేలపైన పడుకునే అలవాటు ఉన్నవాళ్లు వానకాలమైనా మంచం ఎక్కాలి. నేల చల్లదనం ఒకటైతే, పొద్దున లేవడం అంతకంటే నరకం.

కాపడం పెట్టవచ్చా? వావిలాకు నీళ్లు పనిచేస్తాయా?

బిగుసుకున్న కీలుకు వేడి హాయినిస్తుంది. ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే కాలుతున్న కీలుకు మాత్రం కాపడం వద్దు. దానికి గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు. ఈ తేడా తెలియక చాలామంది వాచిన మోకాలికి ఇసుక కాపడం పెట్టి ఏడుస్తారు.

వేయించిన ఉప్పు మూట, ఇసుక మూట, వేడినీళ్ల సంచి, ఏదైనా సరే గుడ్డ చుట్టే పెట్టాలి, పదిహేను ఇరవై నిమిషాలకు మించకూడదు. ముందు ఇంకొకరి మోచేతి మీద పెట్టి చూడాలి. షుగరు ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు కాలినా తెలియదు. నాకు తెలిసిన ఒకామెకు అట్లాగే మడమ మీద బొబ్బ లేచి మానడానికి రెండు నెలలు పట్టింది. వేడినీళ్ల సంచి పక్కలో పెట్టుకుని నిద్రపోకూడదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోకూడదు, ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. వేడినీళ్లే ఒంటికి సుఖం, ఆకు వాసన మనసుకు సుఖం. చేయండి, మందులు మాత్రం ఆపకండి. జిల్లేడాకు కట్టు నాకు నచ్చదు. ఆ పాలు చర్మాన్ని పొక్కిస్తాయి, కంట్లో పడితే ఇంకా ప్రమాదం.

ఎండాకాలంలో మోకాలి పట్టీ, చేతి గ్లవుజులు వేసుకోవాలా?

నడిచేటప్పుడు ఆసరా అనిపిస్తే పట్టీ వేసుకోండి, కూర్చున్నప్పుడూ పడుకున్నప్పుడూ తీసేయండి. మేలో చెమట నిలిచి మోకాలి వెనక తామర లేస్తుంది. రెండు పట్టీలు ఉంచుకుని రోజూ ఒకటి ఉతకాలి.

కార్తీక స్నానం, రొట్టెల పండుగ మానుకోవాల్సిందేనా?

భక్తి సంగతి నేను చెప్పేదాన్ని కాను. తడిబట్ట సంగతి చెప్తాను. రొట్టెల పండుగకు నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగి రొట్టె మార్చుకునేటప్పుడు చీర మోకాళ్ల దాకా తడుస్తుంది. తడిసిన నూలుచీర బరువు, చలి రెండూ కాళ్ల మీదే. ఒంటికి అతుక్కున్న తడి జాకెట్టు విప్పడం కంటే కష్టమైన పని ఈ జబ్బులో లేదు. అందుకని ముందు జిప్పున్న వదులు నైటీ ఒకటి, పొడి తువ్వాళ్లు రెండు, కూర్చోవడానికి ఒక స్టూలు, పట్టుకోవడానికి ఒక మనిషి. మైపాడులో కార్తీక సముద్రస్నానానికీ ఇవే. అవి కుదరకపోతే ఇంట్లో గోరువెచ్చని నీళ్లలో గ్లాసెడు నదినీళ్లు కలిపి పోసుకోమనండి.

మాది కనిగిరి వైపు. మా ఊళ్లో నడివయసు వాళ్లకే నడుం, మెడ తిరగవు. ఇదీ కీళ్లవాతమేనా?

కాకపోవచ్చు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. ఎముకలను పట్టే ఫ్లోరోసిస్ మన దేశంలో మొదట నమోదైంది ఈ వైపు ఊళ్లలోనే, 1937లో. అప్పుడవి నెల్లూరు జిల్లా కిందే ఉండేవి. అందులోనూ కీళ్లు బిగుస్తాయి, వెన్ను కర్రలా అయిపోతుంది. రెంటికీ వైద్యం వేరు కాబట్టి మీరు ఏ నీళ్లు తాగి పెరిగారో డాక్టరుకు తప్పకుండా చెప్పండి. బట్టల వరకు, మెడ తిరగనివాళ్లకు తల మీంచి దూర్చేది ఏదీ వద్దు, అన్నీ ముందు తెరుచుకునేవే. నడుం వంగనివాళ్లకు మూరెడు కర్ర చివర ఒక కొక్కెం బిగించి ఇస్తే లంగానీ ప్యాంటునీ కిందనుంచి పైకి లాక్కుంటారు.

చెప్పులు?

వేలి చెప్పులు వద్దు, జారకుండా వేళ్లతో పట్టుకోవాలి కాబట్టి. వెడల్పాటివి, మడమ వెనక పట్టీ ఉన్నవి, వెల్క్రోతో మూసేవి తీసుకోండి. ఇంట్లో టైల్స్ నేల చల్లగా ఉంటుంది. లోపలికని విడిగా ఒక జత కడిగి ఉంచుకోండి. ఒట్టి సాక్సులతో టైల్స్ మీద నడిస్తే జారి పడతారు.

చలికి వేళ్లు తెల్లగా పాలిపోయి, నీలంగా మారి, తర్వాత ఎర్రబడుతున్నాయి.

గ్లవుజులు వేయండి, ఒళ్లంతా వెచ్చగా ఉంచండి, వెంటనే మరిగే నీళ్లలో ముంచకండి. ఇది రక్తనాళాలు బిగుసుకోవడం. కీళ్లవాతంతో పాటు కనిపించవచ్చు. కీళ్లవాతం చూసే డాక్టరుకు, అంటే రుమటాలజిస్టుకు చూపించాలి. ఇంకొకటి కూడా ఇక్కడే చెప్తాను. జ్వరం వచ్చి ఒక్క కీలు హఠాత్తుగా వాచి కాలిపోతుంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఆలస్యమవుతోందని మేమే గబగబా బట్టలు వేసేస్తున్నాం. తప్పా?

నేనూ చేశాను. మా చిన్నమ్మ కూతురి పెళ్లికి బస్సు టైమవుతుందని అమ్మ చేయి పట్టి జాకెట్టులోకి లాగాను. "లాగబాకమ్మా, నేనే వేసుకుంటా" అంది. గొంతు వణికింది. పెళ్లిలో సాయంత్రం దాకా ఆ చేయి ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత నుంచి బయటికి వెళ్లే రోజు గంట ముందే మొదలుపెడుతున్నాం. నేను ఎదురుగా కూర్చుని జాకెట్టు చేతిని విప్పార్చి పట్టుకుంటాను, చేయి ఆమే దూరుస్తుంది. భుజం వెనక గుడ్డ మడత పడితే సర్దుతాను. ముట్టుకునే ముందు అడుగుతాను. నొప్పులు ఎగదన్నిన రోజున అన్నీ నేనే వేస్తాను, ఆమే వేయమంటుంది. తగ్గిన మర్నాడు మళ్లీ జాకెట్టు ఆమె చేతికే ఇస్తాను. కింది రెండు హుక్కులు తను తోసుకుంటుంది. మెడ దగ్గరది మాత్రం గడ్డం పైకెత్తి నాకు వదులుతుంది.